సమాచార సాధనాలపై గుత్తాధిపత్యాలు: కూల్చింది కొత్త యంత్రమా, కొత్త నిబంధనా?

తంతిపలుకు

సభ్యులకు నమస్కారం. గుర్రపు టపాను తంతి పడగొట్టిందనీ, తంతిని టెలిఫోను పడగొట్టిందనీ, టెలిఫోనును ఇంటర్నెట్టు పడగొట్టిందనీ మనం తరచుగా చదువుతుంటాం. కొత్త సాధనం పుట్టగానే పాత గుత్తాధిపత్యానికి నూకలు చెల్లుతాయన్నది ఆ కథనం సారాంశం. నేనూ చాలాకాలం అలాగే నమ్మాను. కానీ తేదీలను పక్కపక్కన పెట్టుకుని చూస్తే లెక్క కుదరడం లేదు కాబట్టి ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

అమెరికాలోని వెస్టర్న్ యూనియన్ సంగతే చూడండి. 1851లో రోచెస్టర్ నగరంలో వేరే పేరుతో మొదలైన ఈ కంపెనీ 1861 అక్టోబరు 24న దేశం తూర్పు ఒడ్డునూ పడమటి ఒడ్డునూ తంతి తీగతో కలిపింది. రెండు రోజులకే పోనీ ఎక్స్‌ప్రెస్ గుర్రపు టపా మూతపడింది. ఇంతవరకు కథనం సరిగ్గానే ఉంది. 1866లో మిగిలిన ఇద్దరు పెద్ద పోటీదారులను కూడా తనలో కలిపేసుకుని ఆ కంపెనీ తిరుగులేని స్థానానికి చేరింది. 1876 మార్చి 7న గ్రాహం బెల్‌కు టెలిఫోను పేటెంటు వచ్చింది. అక్కడే కథ అడ్డం తిరుగుతుంది. వెస్టర్న్ యూనియన్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఎలైషా గ్రే, ఎడిసన్ అనే ఆవిష్కర్తల పరికరాలతో తానే టెలిఫోను వ్యాపారంలోకి దిగింది. ఎడిసన్ రూపొందించిన కర్బన ట్రాన్స్‌మిటర్ బెల్ పరికరం కంటే మాటను స్పష్టంగా పంపేది. డబ్బు, స్తంభాలు, తీగలు, రైల్వేల అండ అన్నీ ఆ కంపెనీకే ఉన్నాయి. అయినా 1879 నవంబరులో పేటెంటు దావాలో రాజీపడి తప్పుకుంది. అదే సమయంలో జే గౌల్డ్ అనే పెట్టుబడిదారు పోటీ తీగలు వేయించి దాని తంతి వ్యాపారాన్ని దెబ్బతీస్తుండడం కూడా అందుకు ఒక కారణం. బెల్ కంపెనీ తంతి జోలికి రాకూడదు, వెస్టర్న్ యూనియన్ టెలిఫోను జోలికి పోకూడదు, టెలిఫోను అద్దెల్లో 20 శాతం 17 ఏళ్లపాటు వెస్టర్న్ యూనియన్‌కు చెల్లించాలి అన్నవి రాజీ షరతులు.

అంటే పొలం మధ్య గట్టు వేసుకున్నట్లు ఇద్దరూ హద్దులు పంచుకున్నారు. గట్టుకు ఇవతల ఒక గుత్తాధిపత్యం, అవతల మరొకటి. తంతి ఆ తరువాత కూడా దశాబ్దాలపాటు సాగింది. ఆ కంపెనీ చివరి టెలిగ్రామును పంపింది 2006 జనవరిలో. కొత్త యంత్రం పాత యజమానిని పడగొట్టిన దృశ్యం ఇందులో నాకు కనిపించడం లేదు. మరి ఈ గుత్తాధిపత్యాలను నిజంగా కదిలించినది ఏమిటో సభ్యులు తమకు తెలిసిన ఉదాహరణలతో చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పాతఎక్స్‌ఛేంజి

తంతిపలుకు గారూ, బెల్ కంపెనీ మొదటి గుత్తాధిపత్యానికి గడువు ఉండేది. అది పేటెంటు గడువు. 1893, 1894 సంవత్సరాలలో మౌలిక పేటెంట్లు ముగియగానే వేలకొద్దీ స్వతంత్ర కంపెనీలు, సహకార సంఘాలు పుట్టుకొచ్చాయి. బెల్ పట్టించుకోని చిన్న ఊళ్లకు, పల్లె ప్రాంతాలకు తీగలు వేసింది వీళ్లే. 1907 నాటికి ఆ దేశంలో ఉన్న దాదాపు 60 లక్షల ఫోన్లలో సగానికి దగ్గరగా స్వతంత్రుల చేతిలో ఉండేవి.

ఇందులో నాకు దగ్గరగా తెలిసిన భాగం ఒకటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఆపరేటరు లేకుండానే కాల్స్ కలిపే స్ట్రోజర్ యంత్రాలున్న ఎక్స్‌ఛేంజిలో నిర్వహణ పని చూసేవాణ్ణి. చందాదారు డయలు తిప్పి ఒక అంకె వదలగానే సెలెక్టరు కడ్డీ అన్ని మెట్లు టకటకా పైకెక్కేది. ఆపైన పక్కకు తిరిగి ఆ వరుసలోని పది కాంటాక్టులలో ఖాళీగా ఉన్నదాన్ని వెతుక్కునేది. రద్దీ వేళలో వరుసల మధ్య నిలబడితే రేకుల కప్పు మీద వడగళ్లు పడుతున్నట్లు ఉండేది. కాంటాక్టుల మీద కాస్త దుమ్ము చేరినా మాటలో గరగర వచ్చేది కనుక వాటిని తుడవడమే మా రోజువారీ పని. ఆ యంత్రానికి 1891లో పేటెంటు తీసుకున్న ఆల్మన్ స్ట్రోజర్ శవసంస్కారాల వ్యాపారి. తనకు రావలసిన కాల్స్‌ను ఆపరేటరు పోటీ వ్యాపారికి మళ్లిస్తోందన్న అనుమానంతో ఆపరేటరు అవసరమే లేని పద్ధతిని ఆయన కనిపెట్టాడని చెప్పుకుంటారు. 1892లో ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్‌లో మొదటి స్వయంచాలక ఎక్స్‌ఛేంజి పనిచేయడం మొదలుపెట్టింది. దాన్ని ఆదరించినది స్వతంత్ర కంపెనీలే. బెల్ సంస్థ స్వయంచాలక పద్ధతిని పెద్ద ఎత్తున చేపట్టడం 1919లో గాని మొదలు కాలేదు. అంటే మెరుగైన యంత్రం పాతికేళ్లకు పైగా పోటీదారుల చేతిలోనే ఉంది, అయినా చివరికి గెలిచినది బెల్ సంస్థే.

ఎలా గెలిచిందంటే, స్వతంత్రుల తీగలను తన తీగలతో కలపనివ్వకుండా గెలిచింది. ఒకే పట్టణంలో రెండు కంపెనీలుంటే ఒకరి చందాదారు మరొకరి చందాదారుతో మాట్లాడలేడు. వ్యాపారులు బల్ల మీద రెండు ఫోన్లు పెట్టుకుని రెండు అద్దెలు కట్టేవారు. దూరపు ఊళ్లకు మాట్లాడించే తీగలు బెల్ చేతిలోనే ఉండడంతో రెండింటిలో ఒకటి వదులుకోవలసి వచ్చినప్పుడు ఏ ఫోను బల్ల మీద మిగిలేదో వేరే చెప్పనక్కరలేదు.

చట్టపాఠకుడు

పాతఎక్స్‌ఛేంజి గారు అసలు చోటే చూపించారు. కలపడమా, కలపకపోవడమా అన్నదే ఈ చరిత్ర అంతటికీ కీలకమని నా అభిప్రాయం. అయితే కలిపితే చాలు, గుత్తాధిపత్యం పోతుందనుకోవడం కూడా పొరపాటు. 1913 డిసెంబరు 19న, బెల్ సంస్థలకు తల్లి కంపెనీ అయిన ఏటీ అండ్ టీ ఉపాధ్యక్షుడు నేథన్ కింగ్స్‌బరీ ప్రభుత్వానికి రాసిన ఉత్తరం అందుకు నిదర్శనం.

అప్పటికి థియోడర్ వెయిల్ నాయకత్వంలో ఏటీ అండ్ టీ స్వతంత్రులను వరసగా కొనేస్తోంది. 1909లో వెస్టర్న్ యూనియన్ మీద కూడా అదుపు సంపాదించింది. తంతి, టెలిఫోను రెండూ ఒకే గూటికి చేరడంతో ప్రభుత్వం కన్నెర్ర చేసింది. దావా ముదరకముందే కంపెనీ మూడు హామీలు ఇచ్చింది. వెస్టర్న్ యూనియన్ వాటాలను వదులుకుంటామన్నది మొదటిది. పోటీ పడుతున్న స్వతంత్రులను ఇకపై కొనబోమన్నది రెండోది. స్వతంత్రులకు తమ దూరప్రాంత తీగలను అందుబాటులోకి తెస్తామన్నది మూడోది. చదవగానే ప్రభుత్వం గెలిచినట్లుంది. కానీ మూడో హామీని నిదానంగా చదవండి. అనుసంధానం దూరప్రాంత కాల్స్‌కు మాత్రమే. ఒకే పట్టణంలో పోటీ పడుతున్న రెండు ఎక్స్‌ఛేంజిలను కలపాలన్న మాట అందులో లేదు. పైగా దూరపు తీగ దొరకాలంటే స్వతంత్ర కంపెనీ బెల్ సాంకేతిక ప్రమాణాలకు లోబడాలి, బెల్ అడిగిన రుసుము చెల్లించాలి. అప్పటిదాకా తమకంటూ వేరే దూరప్రాంత వ్యవస్థ నిర్మించుకోవాలని ఆశపడిన స్వతంత్రులకు ఆ అవసరం తీరిపోయింది. వాళ్లు పోటీదారులుగా కాక సామంతులుగా మిగిలారు. 1921లో చట్టం మారి కొనుగోళ్లకు మళ్లీ దారి తెరుచుకుంది. 1934 నాటి కమ్యూనికేషన్ల చట్టం ఆ ఏర్పాటును నియంత్రణ పేరుతో స్థిరపరిచింది.

అనుసంధానాన్ని ఎవరి షరతుల మీద, ఏ స్థాయిలో ఇస్తున్నారన్నది చూడకుండా దాన్ని మెచ్చుకోకూడదని చెప్పడానికే ఇంత వివరంగా రాశాను.

అలలదారి

గాలిలోనూ ఇదే జరిగింది. 1897లో కంపెనీ పెట్టిన మార్కోనీ తన రేడియో తంతి పరికరాలను ఓడలకు అమ్మలేదు. పరికరంతోపాటు ఆపరేటరునూ కలిపి అద్దెకు ఇచ్చాడు. బ్రిటన్‌లో రుసుము తీసుకుని సందేశాలు పంపే హక్కు పోస్టాఫీసుకే ఉండడంతో ఆ చట్టానికి చిక్కకుండా ఎంచుకున్న దారి అది. ఇతరుల పరికరాలున్న ఓడలతో మాట్లాడకూడదని, ప్రమాదవేళ తప్ప జవాబివ్వకూడదని ఆపరేటర్లకు ఆజ్ఞ ఉండేది. 1902లో జర్మనీ చక్రవర్తి తమ్ముడు ప్రిన్స్ హెన్రీ అమెరికా నుంచి డాయిచ్‌లాండ్ ఓడలో తిరిగి వెళ్తుండగా, ఆ ఓడలో ఉన్నది జర్మన్ పరికరం కావడంతో మార్కోనీ కేంద్రాలు జవాబివ్వలేదు. మరుసటి ఏడాదే బెర్లిన్‌లో అంతర్జాతీయ సమావేశం జరిగింది. 1906 బెర్లిన్ ఒడంబడికలో, పరికరం ఎవరిదైనా తీరకేంద్రాలూ ఓడలూ సందేశాలు ఇచ్చిపుచ్చుకోవలసిందేనన్న నిబంధన వచ్చింది. ఇక్కడ గుత్తాధిపత్యానికి అడ్డుకట్ట వేసింది కొత్త యంత్రం కాదు, ఒడంబడికలో ఒక్క నిబంధన.

ఇక సముద్రగర్భ కేబుళ్ల విషయం ఇంకా ఆలోచింపజేస్తుంది. ఉప్పునీటిలో తీగకు తొడుగుగా పనికివచ్చిన గట్టా పెర్చా అనే చెట్టు పాలను శుద్ధిచేసి కేబులుగా మలిచే నేర్పు, దాన్ని పరిచే ఓడలు, డబ్బు మూడూ బ్రిటన్‌లోనే పోగుపడ్డాయి. జాన్ పెండర్ స్థాపించిన ఈస్టర్న్ టెలిగ్రాఫ్ కంపెనీ తూర్పు దేశాల దారులన్నింటినీ ఏలింది. యుద్ధం వచ్చినప్పుడు ఆ ఆధిపత్యం విలువ తెలిసింది. 1914 ఆగస్టు 5 తెల్లవారుజామున అలర్ట్ అనే కేబుల్ ఓడ జర్మనీ కేబుళ్లను సముద్రంలోనే తెంచేసింది. అటుపై జర్మనీ ఇతరుల తీగలను ఆశ్రయించవలసి వచ్చింది. 1917లో మెక్సికోను తన పక్షాన యుద్ధంలోకి రమ్మంటూ జర్మనీ పంపిన జిమ్మర్‌మన్ సందేశం బ్రిటన్ చేతికి చిక్కడానికి మూలం అదే.

1926, 1927 సంవత్సరాలలో మార్కోనీ హ్రస్వతరంగ (షార్ట్‌వేవ్) రేడియో బీమ్ సేవ కేబుళ్ల కంటే చాలా తక్కువ ఖర్చుతో ఖండాలను కలపడం మొదలుపెట్టింది. తంతిపలుకు గారు చెప్పిన సాధారణ కథనం ప్రకారం కేబుల్ కంపెనీలు అప్పుడే కూలిపోవాలి. నిజంగా కూలేవే. కానీ కేబుళ్లు యుద్ధకాలపు రహస్యాలకు అవసరమన్న కారణంతో బ్రిటన్ ప్రభుత్వం 1928లో సమావేశం జరిపింది. 1929లో కేబుల్ కంపెనీలనూ మార్కోనీ రేడియో సేవనూ ఒకే సంస్థగా కలిపేసింది. 1934లో దానికి కేబుల్ అండ్ వైర్‌లెస్ అనే పేరు వచ్చింది. పడగొట్టవలసిన కొత్త సాధనాన్నే పాతదానికి ఊతకర్రగా మార్చారన్నమాట.

కొత్తసభ్యుడు

పెద్దలందరికీ నమస్కారం. ఇప్పటిదాకా ఎక్కువగా ప్రైవేటు కంపెనీల గురించే మాట్లాడారు. ప్రభుత్వమే గుత్తాధిపతి అయినప్పుడు కూడా ఈ అనుసంధానం మాట వర్తిస్తుందా?

తంతిపలుకు

కొత్తసభ్యుడు గారూ, వర్తిస్తుందనే అనుకుంటున్నాను, కాకపోతే తలుపు తెరిచేది ఎవరన్నది మారుతుంది. ఫ్రాన్సులో 1794 నుంచి పనిచేసిన చాప్ దృశ్య తంతి ప్రభుత్వానిదే. గోపురాల మీద చేతుల్లాంటి కర్రలను కదిలించి సంకేతాలు పంపేవారు. బోర్డో నగరానికి చెందిన ఇద్దరు అన్నదమ్ములు తూర్ పట్టణంలోని తంతి ఉద్యోగికి లంచమిచ్చి, ప్రభుత్వ సందేశాల మధ్య కావాలని పొరపాటు సంకేతాలు చొప్పించి, పారిస్ బాండ్ల ధరలు ఎటు కదిలాయో ఇతరుల కంటే ముందే తెలుసుకునేవారు. రెండేళ్లు సాగిన ఈ వ్యవహారం 1836లో బయటపడింది. ప్రజలకు తంతి ఎంత అవసరమో ఆ మోసమే చెబుతోంది కదా. ప్రభుత్వం మాత్రం 1837లో అనుమతి లేని సంకేత ప్రసారానికి నెల నుంచి ఏడాది వరకు జైలు, 1,000 నుంచి 10,000 ఫ్రాంకుల వరకు జరిమానా విధించే చట్టం చేసింది. సామాన్యులు తంతి వాడుకోవడానికి 1851 దాకా ఆగవలసి వచ్చింది.

థర్న్ ఉండ్ టాక్సిస్ వంశం మధ్య యూరప్‌లో మూడున్నర శతాబ్దాలకు పైగా టపా నడిపింది. దాన్ని ఆపింది రైలూ కాదు, తంతీ కాదు. 1866 యుద్ధంలో గెలిచిన ప్రష్యా 1867లో 30 లక్షల థాలర్లు చెల్లించి దాన్ని స్వాధీనం చేసుకుంది.

పాతఎక్స్‌ఛేంజి

ఒక మాట గుత్తాధిపత్యం పక్షాన కూడా చెప్పాలి. నేను తీగల మధ్య బతికినవాణ్ణి, ఈ మాట మనస్ఫూర్తిగానే అంటున్నాను. 1947లో ట్రాన్సిస్టరు పుట్టినది బెల్ ప్రయోగశాలలో. పదేళ్ల తరువాత గాని ఫలితమివ్వని పరిశోధనకు నిలకడగా డబ్బు పెట్టగలగడం, ఎదురుగా పోటీదారు లేని సంస్థకే సాధ్యమైంది. పరికరాలు కూడా అలాగే ఉండేవి. ఫోను కంపెనీదే, చందాదారు అద్దె మాత్రమే కడతాడు, మరమ్మతు ఖర్చు కంపెనీ మీదే పడుతుంది. అందువల్ల ముప్పై నలభై ఏళ్లు మన్నేలా తయారుచేసేవారు.

చట్టపాఠకుడు

ఆ ప్రయోగశాల గొప్పతనాన్ని ఎవరూ కాదనలేరు. కానీ అదే ప్రయోగశాలలో 1930ల మధ్యలో క్లారెన్స్ హిక్‌మన్ అయస్కాంత టేపు మీద మాటను నమోదుచేసే యంత్రం తయారుచేస్తే, మాట నమోదవుతుందని తెలిస్తే జనం ఫోనులో రహస్యాలు మాట్లాడడం మానేస్తారన్న భయంతో కంపెనీ దాన్ని తొక్కిపెట్టింది. 1960ల తొలినాళ్లలో పాల్ బారన్ సందేశాన్ని ముక్కలుచేసి పంపే పద్ధతిని ప్రతిపాదిస్తే కంపెనీ ఇంజినీర్లు అది జరగని పని అన్నారు. నేటి ఇంటర్నెట్టుకు పునాది ఆ పద్ధతే. ట్రాన్సిస్టరు కూడా బయటివారి చేతికి విస్తృతంగా అందడానికి ప్రభుత్వ ఒత్తిడి తోడ్పడింది. 1949లో వేసిన దావా 1956లో రాజీతో ముగిసినప్పుడు, కంపెనీ అప్పటికి ఉన్న వేలాది పేటెంట్లను రాయల్టీ లేకుండా ఇవ్వవలసి వచ్చింది.

అదే 1956లో వచ్చిన హష్ ఎ ఫోన్ తీర్పును నేను ఎన్నిసార్లు చదివినా విసుగు పుట్టదు. అది ఫోను మాటపెట్టెకు తగిలించుకునే చిన్న దొప్ప. పక్కవారికి మాట వినపడకుండా చేస్తుంది, అంతే. విద్యుత్తు లేదు, తీగ లేదు. తాము ఇవ్వని ఏ వస్తువునూ ఫోనుకు తగిలించకూడదన్న నిబంధన చూపి ఏటీ అండ్ టీ దాన్ని నిషేధించింది. 1934 చట్టం కింద ఏర్పడిన ప్రభుత్వ నియంత్రణ సంఘం (ఎఫ్‌సీసీ) కంపెనీనే సమర్థించింది. అప్పీలు కోర్టు మాత్రం, చందాదారు అరచేతిని దొప్పలా పట్టుకుని మాట్లాడితే తప్పు లేనప్పుడు, అదే పని చేసే వస్తువును వాడితే తప్పెలా అవుతుందని ప్రశ్నించింది. ఇతరులకు హాని లేనంతవరకు తన ఫోనును తనకు అనువుగా వాడుకునే హక్కు చందాదారుకు ఉందని తేల్చింది.

ఆ దొప్ప వెనకాలే 1968లో కార్టర్‌ఫోన్ నిర్ణయం వచ్చింది. టెక్సాస్‌లో థామస్ కార్టర్ అనే వ్యాపారి, ఫోను రిసీవరును ఒక గూట్లో పెడితే రేడియోలో మాట్లాడేవారిని ఫోనులో ఉన్నవారితో కలిపే పరికరం తయారుచేశాడు. దాన్ని అనుమతించడంతో బయటి పరికరాలకు దారి తెరుచుకుంది. 1970లలో బయటి పరికరాలను నియంత్రణ సంఘం వద్ద నమోదు చేయించే పద్ధతి, అందరికీ ఒకే రకం ప్లగ్గు వచ్చాయి. ఇంటింటికీ మోడెం చేరగలిగింది ఆ ప్లగ్గు వల్లనే. 1969లో ఎంసీఐ కంపెనీకి షికాగో, సెయింట్ లూయిస్ నగరాల మధ్య, తీగకు బదులు రేడియో తరంగాలతో నడిచే మైక్రోవేవ్ సేవకు అనుమతి దొరికింది. ఇక్కడ అలలదారి గారికి ఒక రాయితీ ఇస్తాను. మైక్రోవేవ్ లేకపోతే ఎంసీఐ లేదు. వేల మైళ్లు తీగ పరచగల స్తోమత దానికి లేదు. కానీ యంత్రం ఉన్నా సరిపోలేదు. దాని ద్వారా మాట్లాడాలంటే చందాదారు ఇరవైకి పైగా అంకెలు నొక్కాలి, ఏటీ అండ్ టీకైతే మామూలు నంబరుకు ముందు ఒకటి చేర్చితే చాలు. 1974లో ప్రభుత్వం వేసిన దావా 1982 జనవరి 8న రాజీకి వచ్చి, 1984 జనవరి 1న సుమారు 10 లక్షల ఉద్యోగులున్న సంస్థ నుంచి ఏడు ప్రాంతీయ కంపెనీలు విడిపోయాయి. అందరికీ సమాన డయలింగు ఇవ్వాలన్న షరతు ఆ ఒప్పందంలోనే ఉంది. నాకు విభజన కంటే ఆ షరతే ముఖ్యంగా తోస్తుంది. విడిపోయిన ఏడింటిలో ఒకటైన సౌత్‌వెస్టర్న్ బెల్ పేరు మార్చుకుని, తోటి కంపెనీలను ఒక్కొక్కటిగా కొంటూ 2005లో తల్లి కంపెనీనే కొనేసి ఆ పేరే పెట్టుకుంది. ముక్కలు మళ్లీ అతుక్కున్నాయి గాని, మన ఫోను మనం తెచ్చుకుని తగిలించుకునే హక్కు మాత్రం వెనక్కి పోలేదు.

అలలదారి

రాయితీకి కృతజ్ఞతలు, కానీ నేను ఇంకొంచెం అడుగుతాను. ఏఓఎల్ తక్షణ సందేశ సేవ ఒకప్పుడు అమెరికాలో అందరి కంప్యూటర్లలో ఉండేది. పోటీ సంస్థల సాఫ్ట్‌వేరు దానితో కలవబోతే పదేపదే అడ్డుకునేది. 2001లో టైమ్ వార్నర్‌తో విలీనాన్ని అనుమతిస్తూ నియంత్రణ సంఘం, వీడియో వంటి కొత్తతరం సేవలు మొదలుపెడితే ఇతరులతో కలపాలని షరతు పెట్టింది. అప్పటికే అందరూ వాడుతున్న మామూలు సందేశాలకు ఆ షరతు లేదు. 2003లో దాన్నీ ఎత్తేశారు. ఎవరూ బలవంతంగా తెరిపించకపోయినా ఆ సేవ క్షీణించి 2017 డిసెంబరులో మూతపడింది. జనం చేతిలోని ఫోనుకు మారిపోయారు. ఇక్కడ పడగొట్టినది సాధనమే కదా!

తంతిపలుకు

ఈ ఉదాహరణకు తలవంచుతున్నాను. నా మొదటి టపాలో సాధనం పాత్రను మరీ తక్కువ చేశాను. అయితే ఒక తేడా గమనించండి. ఆ సేవ పడిపోయాక ఏర్పడినది అందరూ అందరితో మాట్లాడుకునే వ్యవస్థ కాదు. జనం ఒక మూసిన గదిలో నుంచి మరో మూసిన గదిలోకి వెళ్లారు. 2014లో ఫేస్‌బుక్ 1,900 కోట్ల డాలర్లకు వాట్సాప్‌ను కొంటున్నట్లు ప్రకటించినప్పుడు ఆ ధరలో అధికభాగం ఆ గదిలో అప్పటికే చేరిన జనానిదే. ఈమెయిలును చూడండి, ఏ సంస్థ పెట్టె నుంచి ఏ సంస్థ పెట్టెకైనా ఉత్తరం చేరుతుంది. అది ఉమ్మడి ప్రమాణాల మీద నడుస్తోంది కాబట్టే అలా ఉంది.

కొత్తసభ్యుడు

ఐరోపా సమాఖ్య డిజిటల్ మార్కెట్ల చట్టం కింద వాట్సాప్, మెసెంజర్ ఇతర సేవలతో కలవాలని అన్నారు కదా, అది 1906 నాటి బెర్లిన్ నిబంధన వంటిదేనా?

చట్టపాఠకుడు

పోలిక బాగుంది, కానీ నాకు 1913 నాటి ఉత్తరమే ముందు గుర్తుకొస్తోంది. బెర్లిన్‌లో నిబంధన ఇరుపక్షాల మీదా ఒకేలా పడింది. పరికరం ఎవరిదైనా జవాబివ్వాలి. ఐరోపా చట్టం కింద 2024 మార్చి 7 నుంచి బాధ్యత అమల్లోకి వచ్చినా, కలవాలనుకునే చిన్న సంస్థే ముందుకొచ్చి అడగాలి. ఏ షరతుల మీద కలుపుతామో చెప్పే పత్రాన్ని పెద్ద సంస్థే తయారుచేసి ప్రచురిస్తుంది. మొదట ఇద్దరి మధ్య సందేశాలు, రెండేళ్లకు బృంద సందేశాలు, నాలుగేళ్లకు కాల్స్ అని దశలు పెట్టారు. గోప్యత స్థాయి తగ్గకూడదన్న నియమం న్యాయమైనదే, ఎందుకంటే ఇద్దరి మధ్య సందేశాన్ని మూడోవారు చదవకుండా ఉంచడం ఇక్కడ నిజమైన సాంకేతిక సమస్య. అయితే కింగ్స్‌బరీ కాలంలో బెల్ ప్రమాణాలకు లోబడిన స్వతంత్రులు ఏమయ్యారో పైన రాశాను. కాబట్టి ఆ షరతుల పత్రాన్ని చదివేటప్పుడు, ప్రమాణాన్ని మార్చే హక్కు ఎవరి చేతిలో ఉంది, మార్చేముందు చిన్నవారికి ఎంత గడువిస్తారు, కొత్త సేవలో చేరినవారిని పాత సేవలోని స్నేహితులు మామూలు వరుసలోనే చూడగలరా లేక వేరే అరలోకి వెళ్లి వెతుక్కోవాలా అన్న మూడు విషయాలు ముందుగా చూడండి. ఆనాటి ఇరవై అంకెల డయలింగు ఈనాడు ఆ వేరే అర రూపంలో రావచ్చు.

పాతఎక్స్‌ఛేంజి

చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. మా ఎక్స్‌ఛేంజిలో వేరే సంస్థ నుంచి వచ్చే కాల్స్‌కు కేటాయించిన సెలెక్టర్లు ఒక మూల వరుసలో ఉండేవి. సంఖ్యలో తక్కువ. రద్దీ వేళ మిగతా వరుసలన్నీ టకటకలాడుతున్నా ఆ కాల్స్‌కు మాత్రం ఎంగేజ్ మోగేది. తీగ కలిపి ఉందా అని అడిగితే కలిపే ఉందని నిజాయితీగా చెప్పగలిగేవాళ్లం. చట్టపాఠకుడు గారూ, మీ జాబితాలో నాలుగోది కూడా చేర్చండి: ఎన్ని సెలెక్టర్లు ఇచ్చారో లెక్కపెట్టే హక్కు బయటివారికి ఉందా?